సింహాల గేటు ముందు పళ్ళెం

శాంతికుమార్ గారింట్లో ఉప్పు డబ్బాకి కూడా నంబరుంది. యూనివర్సిటీ లైబ్రరీలో ముప్పై నాలుగేళ్ళు పుస్తకాలకు చీటీలంటించిన చెయ్యి, రిటైరైతే మాత్రం ఊరుకుంటుందా? తార్నాకలో ఆయనున్న మూడు గదుల్లోనూ పప్పుకీ, చింతపండుకీ, చీపురుకీ, ఆఖరికి భార్య గ్లోరీ గారి కళ్ళజోడు పెట్టెకీ చీటీలు పడ్డాయి. "నన్నొక్కదాన్నే వదిలేశారు, సంతోషం," అనేది ఆవిడ, పిండి డబ్బా నంబరు కోసం జాబితా వెతుక్కుంటూ.

ఆ ఇంట్లో చీటీ పడనిది ఒక పాత ఫోటో. తాత ఇమ్మానుయేల్ బాపట్ల నుంచి యూనివర్సిటీలో గుమాస్తాగా వచ్చిన కొత్తలో, 1957 క్రిస్మస్ నాడు తీయించుకున్నది. రెండు రాతి సింహాలున్న గేటు, వెనక మేడ, మేడ కిటికీలో బనీనుతో ఒక బట్టతల మనిషి. గేటు ముందు తాత, పక్కన నాన్నమ్మ రాహేలమ్మ, ఆవిడ చేతిలో జామపళ్ళ పళ్ళెం. ఆ వీధి ఇప్పుడు లేదు. రోడ్డు వెడల్పుకి సగం, మెట్రో స్తంభాలకి సగం పోయింది.

లైబ్రరీలో పాత తార్నాక ఫోటోల ప్రదర్శన పెడుతున్నామని, ఉంటే చీటీ రాసి తెమ్మని ఇప్పటి లైబ్రేరియన్ అరుంధతి మేడమ్ ఫోన్ చేసింది. శాంతికుమార్ గారు కొత్త పెన్ను కొని, "మా ఇల్లు, తార్నాక, 1957" అని రాశారు. రాసి, దూరంగా నిలబడి చూసుకున్నారు. యాభై ఏళ్ళు వచ్చేదాకా అద్దె వాటాల్లో, ఓనరు మోటారు వేసినప్పుడే నీళ్ళు పట్టుకుంటూ బతికిన మనిషి. తమకూ ఒకప్పుడు సింహాల గేటుండేదన్న మాట ఆయనకి ఎంత బాగుందో చెప్పలేం.

ఆ ఆనందం మర్నాడు ఉదయమే పోయింది. పోగొట్టినవాడు సోమయాజులు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఈ సోమయాజులూ, శాంతికుమార్ గారూ నలభై ఏళ్ళుగా క్యాంపస్‌లో కలిసి నడుస్తున్నారు. ఇద్దరికీ షుగరు కనక ఒకే బిస్కెట్టు కొని చెరిసగం విరుచుకుంటారు. ఫోటో చూడగానే సోమయాజులు ఇంటికి పరిగెత్తి ఇంకో ఫోటో తెచ్చాడు. అదే గేటు, అవే సింహాలు, అదే బట్టతల. ముందు మాత్రం సోమయాజులు తాత అచ్యుతరామయ్య, బామ్మ పద్మావతి.

"ఇది మా ఇల్లురా. ఆ కిటికీలో ఉన్నది మా వంటాయన."

"వంటాయనా? ఆయన మా తాత దగ్గర అద్దెకున్నాయన," అన్నారు శాంతికుమార్ గారు, ఆ అద్దెదారుణ్ణి అప్పటికప్పుడు పుట్టించి. తర్వాత భూతద్దం తీశారు. "చూడు, మా ఫోటోలో ఎడం సింహానికి రెండు చెవులున్నాయి. మీ దాంట్లో ఒకటే. అంటే ముందున్నది మేము. మీవాళ్ళు ఇంట్లో దిగాక చెవి విరిగింది."

"అంటే మా తాత సింహం చెవి విరిచాడనా మీ ఉద్దేశం, శాంతికుమార్ గారూ?"

నలభై ఏళ్ళలో ఎన్నడూ లేని 'గారు' వచ్చేసింది. ఇక ఆ స్నేహం గతి చెప్పేదేముంది?

నడక మాత్రం ఇద్దరూ మానలేదు. ఒకరు కుడి నుంచి, ఒకరు ఎడమ నుంచి మొదలుపెట్టారు. గుండ్రటి దారి కదా, చుట్టుకి రెండుసార్లు ఎదురుపడటం, రెండుసార్లూ ముఖం తిప్పుకోవటం. మూడో రోజున గేటు దగ్గర వాచ్‌మన్ ఉండబట్టలేకపోయాడు.

"ఏంది సార్, ఒకలు ఉల్టా, ఒకలు సీదా తిరుగుతున్రు? గిట్ల మొకాలు తిప్పుకుంటే మెడలు పట్టుకుంటయ్ సార్."

నాలుగో రోజు గ్లోరీ గారు చొక్కాలు ఉతకబోయి జేబులు తడిమారు. "ఏవండీ, ఈ అర బిస్కెట్లేంటి? నాలుగున్నాయి." శాంతికుమార్ గారు నాలుగూ తీసుకుని ఒంటిమీది చొక్కాలోకి మార్చుకున్నారు. మిగతా సగం ఎవరికివ్వాలో తెలియక రోజూ జేబులో వేసుకుంటున్నారు. సోమయాజులు లేని ఉదయం ఆయనకి ఉప్పులేని చారులా ఉంది. అయినా సింహాల గేటుని ఎలా వదులుకోవటం?

ఐదో రోజు అరుంధతి మేడమ్ ఇద్దర్నీ లైబ్రరీకి పిలిచింది. మధ్యలో ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు. ఎవరికి వారు తెచ్చిన ఆ రెండు ఫోటోలనీ ఆవిడ కంప్యూటర్లో గోడంత చేసి చూపించింది.

"సార్, గేటు మీద బోర్డు చూడండి. మీ ఇద్దరిలో ఎవరి పేరూ లేదు. ఎవరో వకీలు గారిది. కిటికీలో ఉన్నది ఆయనే అయ్యుంటారు. రెండు ఫోటోల్లోనూ చెయ్యెత్తి మీవాళ్ళని అవతలికి పొమ్మంటున్నారు."

నిజమే. పెద్దది చేస్తే నోరు కూడా తెరిచి ఉంది. మేడా లేదు, అద్దెదారూ లేడు, వంటాయనా లేడు. మంచి గేటు కనిపించింది కదాని ముందు నిలబడి ఫోటో దిగి, తిట్లు తిన్న రెండు కుటుంబాలున్నాయి. శాంతికుమార్ గారు రాసుకొచ్చిన చీటీని మెల్లగా మడిచి, బిస్కెట్ల జేబులోనే వేసుకున్నారు.

"ఇంకోటి సార్," అంది అరుంధతి. "ఈ పళ్ళెం ఒకటేనా?"

రాహేలమ్మ చేతిలో జామపళ్ళున్న పళ్ళెం. పద్మావతమ్మ చేతిలో విస్తరాకు కప్పిన పళ్ళెం. రెండింటికీ పువ్వు రేకుల అంచు, రెండింట్లోనూ ఒక రేకు వంగిపోయి ఉంది. సోమయాజులు కుర్చీలోంచి లేచి, గబగబా ఇంటిదారి పట్టాడు.

సాయంత్రం శాంతికుమార్ గారి తలుపు తట్టారు. సోమయాజులూ, ఆయన భార్య చిట్టెమ్మ గారూ. సోమయాజులు చేతిలో ఇత్తడి పళ్ళెం, దాన్నిండా సున్నుండలు. ఒక రేకు వంగి ఉంది.

"మా హారతి పళ్ళెంరా. అడుగున చూడు."

ఉండలు తీసి తిరగేశారు. చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: రాహేలు.

"యాభై ఏళ్ళ నుంచి తోముతోంది ఈవిడ. మా ఇంట్లో రాహేలు అనే చుట్టం ఎక్కణ్ణుంచి వస్తుందని ఒక్కసారైనా అనుమానం రావద్దూ?"

"మీ వైపు చుట్టాల పేర్లు ఏవి సవ్యంగా ఏడిశాయని? ఇదీ ఒకటనుకున్నా," అంది చిట్టెమ్మ గారు.

సంగతి అర్థమవటానికి ఎక్కువసేపు పట్టలేదు. అప్పట్లో రెండు కుటుంబాలూ ఆ వీధిలోనే ఉండేవి. పద్మావతి బామ్మగారు మడి మనిషి. ఇతరులు వండినవి ముట్టదు కనక రాహేలమ్మ క్రిస్మస్‌కి జామపళ్ళు పట్టుకెళ్ళింది. పళ్ళెం ఖాళీగా తిరిగివ్వకూడదు కనక బామ్మగారు దీపావళిదాకా ఆగి, ఏదో చేసి బయల్దేరింది. దారిలో ఫోటోగ్రాఫర్ ఆపాడు. ఈలోగా ఇమ్మానుయేల్ గారికి క్యాంపస్‌లో క్వార్టర్ వచ్చి, ఇల్లు మారిపోయారు. పళ్ళెం వెనక్కి వెళ్ళి, ఎప్పుడో దేవుడి గదిలో చేరింది.

"కొంచెం ఆలస్యమైందిరా, ఏమనుకోకు," అన్నాడు సోమయాజులు.

శాంతికుమార్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తడిసింది అద్దాలు కాదని గదిలో అందరికీ తెలుసు. జేబులోంచి ఐదు అర బిస్కెట్లు తీసి స్నేహితుడి చేతిలో పెట్టారు.

"మరి రేపు హారతి దేంట్లో ఇస్తారు చిట్టెమ్మా?" అని గ్లోరీ గారు అడిగేదాకా ఎవరికీ తోచలేదు. మర్నాడు పొద్దున్నే శాంతికుమార్ గారు పళ్ళెం నిండా జామపళ్ళు పేర్చుకుని సోమయాజులు ఇంటికి నడిచారు. అటునుంచి ఇద్దరూ క్యాంపస్‌కి, ఒకే వైపు.

ప్రదర్శనలో ఆ రెండు ఫోటోలూ పక్కపక్కనే ఉన్నాయి. కింద శాంతికుమార్ గారి చీటీ:

"ఇల్లు: ఎవరో వకీలు గారిది. సింహం చెవి: విరిచినవారు తెలియరాలేదు. పళ్ళెం: మాది. ప్రస్తుతం ఉన్న చోటు: సోమయాజులు గారి దేవుడి గది."