ఆగ్నేయంలో వైఫై పెట్టె

వైఫై పెట్టె అట్టమీద 'ఇన్ని చదరపు అడుగుల ఇంటికి చాలు' అని రాసే మనిషెవరో గానీ, అతన్ని ఒక్కసారి మా ఇంటికి తీసుకొచ్చి నడిమి గదిలో నిలబెట్టాలని ఉంది. గోడమీద చెయ్యి వేయించి, "ఇప్పుడు చెప్పవయ్యా" అనాలని ఉంది. మా గోడలు మా నాన్న కట్టించినవి. రాయీ మట్టీ. కిటికీ గూట్లో పిల్లలు కాళ్లు చాపుకుని కూర్చునేంత మందం. చిలకలూరిపేట దాటి మా ఊళ్లో ఇన్ని ఎండాకాలాలు గడిపామంటే ఆ గోడల పుణ్యమే. ఆ గోడలే ఈ ఏడు మా కోడలి ఉద్యోగాన్ని మింగబోయాయి.

ఇల్లు ఒకదాని వెనక ఒకటిగా మూడు గదులు. ముందు హాలు, నడిమి గది, వెనక గది. హాలుకి పక్కన ఆగ్నేయం మూల వంటిల్లు. ఇంటర్నెట్టు తీగ హాల్లోకి వచ్చి అక్కడే ఒక పెట్టెలో ఆగిపోయింది. కోడలు కూర్చునేది వెనక గదిలో. ఆమె లెక్కల్లో డిగ్రీ చేసింది. ఎక్కడెక్కడి పిల్లలకో కంప్యూటర్లో లెక్కలు చెప్పించే కంపెనీ ఒకటి ఆమెను కొన్నాళ్లు చూస్తామని తీసుకుంది. పెళ్లయ్యాక ఆమెకు దొరికిన మొదటి ఉద్యోగం అది.

హాల్లోనే కూర్చోవచ్చు కదా అనేవాళ్లు మా వైపు మిర్చి సీజను చూసి ఉండరు. కళ్లంలో ఎండిన కాయ వసారాలోకి వస్తుంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు ఏరతారు, అంటే రంగు పోయి తెల్లబారిన కాయను ఎర్రకాయలోంచి వేరు చేస్తారు. ఆ ఘాటుకి హాల్లో కుక్క కూడా పడుకోదు. ఒకరోజు కోడలు పంతానికి అక్కడే కూర్చుని పాఠం చెప్పింది. తుమ్ములు, కళ్లవెంట ధారలు. అవతల ఎవరో పిల్లాడి తల్లి తెరమీదికి వచ్చి, "ఏడుస్తున్నారా మేడమ్? ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని అడిగిందట. ఆ తరవాత కోడలు మళ్లీ హాల్లో కూర్చోలేదు.

వెనక గదిలో ఘాటు లేదు, సిగ్నలూ లేదు. పాఠం మధ్యలో ఆమె మొహం తెరమీద బిగుసుకుపోయేది. ఒక సాయంత్రం నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది.

"మామయ్యగారూ, వచ్చే బుధవారం మా కంపెనీవాళ్లు నా క్లాసులో కూర్చుని వింటారంట. అప్పుడు కూడా లైను తెగితే ఇంక రావద్దంటారు. అత్తయ్యకు చెప్పకండి, ఊరికే కంగారుపడతారు."

మావాడికి ఫోను చేశాను. వాడు గుంటూరు యార్డులో సరుకు దగ్గర ఉన్నాడు. "ఏం కొంటావో కొను నాన్నా. ఒక్క మిర్చి బస్తా ఖరీదు మాత్రం దాటనీకు" అన్నాడు. సరే, ఒక బస్తా.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. నాకు ఇంగ్లీషు నేర్పింది పురుగుమందు డబ్బాల్లో పెట్టే కాగితాలు, మోటారుతో వచ్చే పుస్తకాలు. సెల్లు కొత్తలో బస్తాల మీదికెక్కి సిగ్నలు పట్టుకుని మాట్లాడినవాణ్ణి. అందుకని ఇదీ చదివే తేల్చుకుందామని ఫోను పట్టుకుని కూర్చున్నాను. కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలంటూ కింద కొల్లలుగా ఉన్నాయి. ఒకాయన ఒకే నక్షత్రం ఇచ్చాడు. ఎందుకయ్యా అంటే, పార్సిలు తెచ్చినవాడు గేటు దగ్గర పడేసి పోయాడట! ఇంకొకావిడ అయిదూ ఇచ్చి, "ఇంకా వాడలేదు, చూడ్డానికి బాగుంది" అని రాసింది. చూడ్డానికి బాగుందట. పూలకుండీ కొన్నారా తల్లీ?

బస్సెక్కి గుంటూరు వెళ్లాను. మొదటి కొట్టాయన నా మాట సగంలో ఉండగానే, ఒక్కో గదికి ఒకటి పెట్టుకునే మూడు పెట్టెల సెట్టు, మెష్షంటారట, బల్లమీద పెట్టాడు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్?"

"మనుషుల సంగతి తరవాత. గోడల సంగతి అడగవేంటయ్యా? రాతి గోడలు మావి."

"ఇది లేటెస్టు సార్. గోడలూ గీడలూ దీనికి లెక్కలేదు. దూసుకెళ్లిపోద్ది."

"మీ ఇంట్లో ఇదే పెట్టారా?"

"మాది ఒకటే గది సార్."

పక్క కొట్టుకి నడిచాను. రెండో కొట్టాయన మెష్షే దండగన్నాడు. ప్లగ్గులో గుచ్చే చిన్న బిళ్ల ఒకటి చూపించి, "మీకు ఏ గదిలో సిగ్నలు రావట్లేదో ఆ గదిలో గుచ్చండి బాబాయ్, అయిపోద్ది" అన్నాడు.

"అక్కడికి రానే రానిదాన్ని ఇదేం అందుకుని ఏం పంచుద్దయ్యా?" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

కాలవ చివరి భూమి సాగుచేసినవాడికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పై తూముకి అందిన నీళ్లే కింది తూముకి వస్తాయి. ఎండిన చేలో తూము కడితే అందులోంచి నీళ్లు ఊరవు. నీళ్లు ఇంకా పారుతున్నచోట కట్టాలి. ఈ పెట్టెలూ అంతే. ఒకటి హాల్లో తీగ దగ్గర, రెండోది సిగ్నలు బతికుండగానే అందుకునేలా మధ్యలో. మూడోదానితో మాకు పనిలేదు. లేటెస్టుతో అసలే లేదు. ఇంటికొచ్చే తీగే సన్నమైనప్పుడు పెట్టె ఎంత లావైతే ఏం లాభం? గోడకి కన్నం వేసి రెండు పెట్టెలకూ మధ్య తీగ లాగితే ఇంకా మంచిదని చదివాను గానీ, మా గోడకి కన్నమంటే ఇంకో బస్తా. అన్నీ చూసుకుని, పాత రకం రెండు పెట్టెల సెట్టు బేరమాడి తెచ్చాను. బస్తా దాటలేదు.

కొనడమే కష్టం అనుకున్నాను. ఇంటికొచ్చాక తెలిసింది అసలు కష్టం.

రెండో పెట్టెకి నడిమి గదిలో బీరువా పైభాగం సరిగ్గా సరిపోయింది. అక్కడినుంచి హాలు గుమ్మమూ, వెనక గది గుమ్మమూ రెండూ ఎదురుగా కనిపిస్తాయి. హాల్లో కాసేపు గుచ్చి చూసి, తెచ్చి స్టూలెక్కి పెట్టబోతుంటే మా ఆవిడ వచ్చి దానిమీద చెయ్యి వేసింది.

"ఏంటండీ అది?"

"వైఫై పెట్టె."

"వెచ్చగా ఉందే!"

"కరెంటుది వెచ్చగా ఉండక చల్లగా ఉంటుందా?"

"అయితే అది అగ్గే కదా. అగ్గిని తెచ్చి నైరుతిలో లక్ష్మీదేవి నెత్తిన పెడతారా? ఆగ్నేయంలో పెట్టండి."

"ఆగ్నేయం అంటే వంటిల్లే! హాలు పక్కనే ఉన్న వంటింట్లో పెడితే వెనక గదికి ఒరిగేదేముందే? ఇదే గదిలో ఫ్యాను లేదా? లైటు లేదా? అవి కరెంటువి కావా?"

"ఫ్యాను వేస్తాం, ఆపుతాం. ఇది రాత్రీ పగలూ మండుతూనే ఉంటుందిగా. పొయ్యి అయినా ఆర్పుతామండీ మనం."

రెండు రోజులు వాదించాను. తూములు చెప్పాను, కాలవలు చెప్పాను. ఆవిడ వినలేదు. సిద్ధాంతిగారికి ఫోను చేస్తే ఆయన కూడా అగ్నిసంబంధమైనది ఆగ్నేయమే శ్రేష్ఠం అన్నాడు. ఆయనింట్లో ఏ మూల పెట్టుకున్నాడో అడుగుదామనుకున్నాను, ఆవిడ ఫోను లాక్కుంది. కోడలు మధ్యలో నిలబడి, "పర్లేదు మామయ్యగారూ, వంటింట్లోనే పెడదాం" అంది. అత్తకు ఎదురుచెప్పలేకే అంది. పెట్టాను. స్టీలు గిన్నెల స్టాండు వెనక. ఇంత డబ్బుపోసి కొన్నదాన్ని ఇనుపగోడ చాటున దాచిపెట్టాను. వెనక గదిలో సిగ్నలు ఒక్క గీత పెరిగింది. ఆ గీత ఉంటే ఉంది, లేకపోతే లేదు.

బుధవారం వచ్చింది. కోడలు మంచి చీర కట్టుకుని వెనక గదిలో కూర్చుంది. నేను గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాను. మొదట బాగానే నడిచింది. భిన్నాలు చెబుతోంది. చెబుతూ చెబుతూ, "వినిపిస్తోందా అండీ? హలో? సార్, వినిపిస్తోందా?" అనడం మొదలుపెట్టింది. మజ్జిగ గ్లాసుతో వచ్చిన మా ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. కోడలి మొహం చూసింది, నా మొహం చూసింది.

"ఏమైంది?"

ఇక దాచి ఏం లాభం? చెప్పేశాను. "ఈ పూట తెగిందంటే ఆ పిల్ల ఉద్యోగం పోయినట్టే."

ఆవిడ గ్లాసు నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలు కిందపడిన చప్పుడైంది. పెట్టెతో బయటికొచ్చింది.

"పీకేశావా! ఉన్న గీత కూడా పోయింది కదే!"

"మీరు నోరు మూసుకుని స్టూలెక్కండి."

నడిమి గదిలో ప్లగ్గు బీరువా వెనక ఉంది. అందులో గుచ్చిన పొడుగు వైరు కొస కిటికీలోంచి వసారాలోకి వెళ్లి, తాలు ఏరేవాళ్ల ఫ్యానుకి ఉంది. ఆవిడ ఒక్క గుంజు గుంజింది. బయట గగ్గోలు.

"అమ్మగారూ! ఫ్యాను ఆగిపోయిందేంటమ్మా! ఈ ఘాటులో సచ్చిపోతాం!"

"కాసేపు ఓర్చుకోండే! చావరులే!"

వైరు కొస నాకు అందించింది. పెట్టెని బీరువామీద పెట్టి గుచ్చాను. ఎర్రదీపం వెలిగింది. అది నీలంగా మారాలి. అంతవరకూ చేసేదేమీ లేదు. ఇద్దరం తలెత్తి దానివంకే చూస్తూ నిలబడ్డాం. లోపల కోడలు "ఒక్క నిమిషం సార్, దయచేసి ఒక్క నిమిషం" అంటోంది. అవతల వాళ్లకు వినిపిస్తోందో లేదో తెలియదు. ఆ ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఎంత విసిగించిందో! మోటారుకి కరెంటు కోసం చేలో కాపుకాసిన రోజుల్లో కూడా నాకంత కోపం రాలేదు.

నీలమైంది.

"ఇప్పుడు వినిపిస్తున్నానా సార్? థాంక్యూ సార్. సరే పిల్లలూ, ఇందాక మూడింట రెండు దగ్గర ఆగాం కదా..."

ఆ గంటంతా మాట తెగలేదు. పాఠం అయ్యాక కోడలు బయటికి వచ్చి, "ఉండమన్నారు మామయ్యగారూ" అని నాతో చెప్పి, వాళ్లత్త భుజంమీద మొహం పెట్టుకుంది. ఈసారి కళ్లనీళ్లు మిర్చి ఘాటుకి కాదు. పెట్టె బీరువామీదే ఉండిపోయింది. ఎవరూ కదపమనలేదు.

రాత్రి అన్నాల దగ్గర మా ఆవిడ నాకు చారు పోస్తూ అంది. "ఆ పెట్టె బీరువామీదే ఉండాలని మీకు అంత తెలిసినప్పుడు, కాస్త గట్టిగా చెప్పొచ్చు కదండీ?"