హాలక్క ఏరిపారేసిన పెట్రోలియం

ఆ ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయంలో సెమినార్ హాలు తాళం తీసి, కుర్చీలు తుడిచి, మైకు తట్టి "హలో హలో" అని, ప్రసంగం అయ్యేదాకా చివరి వరస వెనకాల స్టూలు మీద కూర్చునే మనిషికి పంతొమ్మిదేళ్ల సర్వీసు ఉంది. సర్వీసు అనకూడదు లెండి. కాగితాల ప్రకారం ఆమె పదకొండు నెలల మనిషి. పదకొండు నెలలు కాగానే ఒక్కరోజు విరామం ఇస్తారు. ఆ మర్నాడు మళ్లీ కొత్తగా చేర్చుకుంటారు. ఆ ఒక్కరోజు ఎందుకయ్యా అంటే, వరసగా పనిచేసినట్టు రుజువైతే పర్మనెంటు అడుగుతుందని. అంతంత చదువులు చదివినవాళ్లు ఒక ఆడమనిషి స్టూలుకి భయపడి కనిపెట్టిన యంత్రం అది. ఆ విశ్వవిద్యాలయం మొత్తంమీద ఒక్కసారైనా చెడిపోని యంత్రం కూడా అదొక్కటే.

ఆమెను అందరూ హాలక్క అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తెలుసంటారు గానీ, అతనూ తప్పే రాస్తాడు.

పంతొమ్మిదేళ్లలో ఆ హాల్లో జరిగిన ప్రతి ప్రసంగాన్నీ మొదటినుంచి చివరిదాకా విన్నది హాలక్క ఒక్కతే. మిగతావాళ్లు నిద్రపోయారు, ఫోన్లు చూసుకున్నారు, టీ రాగానే లేచిపోయారు. అక్కడ జరిగేవి రెండు రకాల ప్రసంగాలు. ఒక రకం, పెట్రోలియం గొప్పదనం గురించి. రెండో రకం, పెట్రోలియం బదులు మొక్కజొన్న పిండితో కప్పులూ, నాచుతో సంచులూ, పుట్టగొడుగులతో అట్టపెట్టెలూ ఎలా చెయ్యొచ్చో చెప్పేవి. ఆమె చేరిన ఏడాది ఒకాయన వేదికెక్కి చమురు ఇంకో ముప్ఫై ఏళ్లలో అయిపోతుందన్నాడు. మొన్న ఇంకొకాయన వచ్చి ఇంకో ముప్ఫై ఏళ్లే అన్నాడు. "అదీ నాలాగే. తాత్కాలికమంటారు, ఉంటూనే ఉంటుంది" అనుకుంది హాలక్క.

అలాంటి హాలక్క చేతికి ఒక బుధవారం మధ్యాహ్నం సర్క్యులర్ వచ్చింది. శాఖ హెడ్డుగారే స్వయంగా తెచ్చారు.

"రేపు కమిటీ వస్తోందమ్మా. మన శాఖకి హరిత గుర్తింపు ఇవ్వాలో వద్దో తేలుస్తారు. ప్రసంగాలు జరిగేచోట పెట్రోలియంతో తయారైన వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. బాధ్యత నీదే."

"ఒక్కటి కూడానా సార్?"

"ఒక్కటంటే ఒక్కటి. ఆ ప్లాస్టిక్ నీళ్ల సీసాలూ, ఆ కప్పులూ తీసెయ్. అంతేగా? కనపడిందనుకో, నీ కొత్త ఆర్డరు మీద నా సంతకం ఉండదు. రేపు సాయంత్రం ఐదుకి నీ పదకొండు నెలలూ పూర్తవుతాయి, గుర్తుందిగా?"

గుర్తులేకేం. పంతొమ్మిదేళ్లుగా ఆ తేదీ వచ్చినప్పుడల్లా ఆమెకు అన్నం సయించదు.

హెడ్డుగారి లెక్కలో పెట్రోలియం అంటే సీసాలూ కప్పులూ. పాపం, ఆయన కూడా ప్రసంగాల్లో నిద్రపోయే రకమే. హాలక్క మాత్రం హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. కుర్చీల్లో స్పాంజి, పెట్రోలియం. కింద తివాచీ నైలాను, పెట్రోలియం. మైకు వైరు తొడుగు, స్విచ్చి బోర్డు, గోడ గడియారం, తెర, కర్టెన్లు, అన్నీ అదే. చివరికి గోడలకేసిన రంగు కూడా అదేనని, ఆమె చేరిన ఐదో ఏట రంగుల కంపెనీ శాస్త్రవేత్త గంటన్నర చెప్పాడు. అప్పుడు మేలుకుని ఉన్నది ఆమె, ఒక బల్లి.

"బాబాయ్, హాలు మొత్తం పెట్రోలియమే" అంది కరెంటు పనిచేసే ముసలాయనతో. ఆయన్ని వైరు బాబాయి అంటారు. రిటైరైనా వదలకుండా పనిచేయించుకుంటున్నారు.

"అయితే హాలు తీసి బయట పారేద్దామా అమ్మాయ్?"

"హాలు తియ్యలేం. జనాన్నే తీద్దాం."

వెనకవైపు పాత వడ్రంగి షెడ్డు ఉంది. ఇటుక గోడలు, సున్నం, చెక్క బల్లలు, పెంకులు. వెతికి వెతికి చూసినా చుక్క చమురు లేదు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి దాన్ని ఊడ్చి, బ్యానరు బదులు చెక్క పలక మీద బొగ్గుతో "స్వాగతం" అని రాశారు. ప్రింటు తియ్యొచ్చుగా అన్నాడు బాబాయి. ఆ ప్రింటరు పొడి కూడా ప్లాస్టిక్కే అంది హాలక్క. బాబాయి నోరు మూసుకుని, ఆ మూసుకున్న నోట్లో ఉన్న కట్టుడుపళ్ల గురించి ఆలోచనలో పడ్డాడు.

ఇంట్లో అసలు చిక్కొచ్చింది. విశ్వవిద్యాలయం ఇచ్చిన యూనిఫాం అచ్చంగా పాలిస్టరు.

"అత్తా, నీ పూల గౌను ఒక్కరోజుకి ఇవ్వవా? అది అచ్చమైన నూలు."

"అది వేసుకుని ఉద్యోగానికి వెళ్తావటే? చూసినవాళ్లు మంచం దిగొచ్చిందనుకుంటారు."

"యూనిఫాం వేసుకుంటే ఉద్యోగం పోతుంది."

"యూనిఫాం వేసుకోకపోతే కదా పోవాలి?" అంది అత్త. తర్వాత గౌను తీసి దులుపుతూ, "నీ మొగుడు లారీ తోలేవాడు చమురు మీద బతుకుతున్నాడు, నువ్వేమో చమురు తీసేసి బతకాలంటున్నావు. మీ ఇద్దరి మధ్యన నేనేం తిని బతకాలో చెప్పండి" అంది.

పొద్దున్న తొమ్మిదింటికి అత్త పూల గౌనులో, ఉత్త కాళ్లతో హాలక్క హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకు కూర్చుంది. వచ్చినవాళ్లందరూ ఒంటిమీది పెట్రోలియం అక్కడ ఒప్పజెప్పి, గడ్డిమీంచి షెడ్డుకి నడవాలి. రోడ్డు మీంచి కాదు. తారు కూడా అదే జాతి.

"బూట్లు విప్పండి సార్. అడుగు రబ్బరు కాదు, ప్లాస్టిక్కే. ఫోను. గడియారం. బెల్టు. ఇదిగో పురికొస, కట్టుకోండి. పెన్ను. కళ్లద్దాలు."

"కళ్లద్దాలెందుకమ్మా?"

"ఇవి గాజువి కావు సార్. గాజువైతే ఉంచుకోండి."

గాజువి ఒక్క వైరు బాబాయివే. సోడాసీసా అడుగుల్లా ఉంటాయవి.

"లోపలి బట్టల ఎలాస్టిక్ సంగతేంటక్కా?" అని ఒక పరిశోధక విద్యార్థిని చిలిపిగా అడిగింది.

"కనపడితేనే అన్నారమ్మా హెడ్డుగారు. కనపడకుండా చూసుకో."

హెడ్డుగారు వచ్చి చూసేసరికి ఇద్దరు ప్రొఫెసర్లు పురికొసలు బిగించుకుంటున్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఏంటిది? హాల్లో కదా—" అనేలోపే వెనకనుంచి కమిటీ పెద్దావిడ గొంతు వినపడింది. "అద్భుతం! ఇంత నిజాయితీగా చేసిన శాఖని నేను చూడలేదు. నా చెప్పులు కూడా తీసుకో తల్లీ."

హెడ్డుగారు నోట్లోని మాట మింగి, చిరునవ్వొకటి బయటికి తీసి, బూట్లు విప్పారు. ఆయన జుట్టుకేసే నల్లరంగు కూడా ఆ కోవదేనని హాలక్కకి తెలుసు. ఆర్డరు మీద ఆశ ఉన్న మనిషి కాబట్టి చెప్పలేదు.

అందరి సామానూ హాల్లో పెట్టి తాళం వేసింది.

ప్రసంగాలు మొదలయ్యాయి. మొదట చమురు ప్రొఫెసరుగారు. ఆయనకి తెరమీద తొంభై బొమ్మలు చూపించడం అలవాటు. తెర లేదు, బొమ్మల్లేవు, మైకు లేదు. పాపం రెండు నిమిషాలు గాల్లో వేలితో ఎవరికీ కనపడని మీట నొక్కుతూ నిలబడ్డారు. తర్వాత బొగ్గుముక్క తీసుకుని గోడమీద భూమిని గీసి, లోపల చమురుని గీసి, గొంతు చించుకుని చెప్పడం మొదలెట్టారు. కళ్లద్దాల్లేని జనానికి ఆ బొమ్మ పెద్ద దోసకాయలా కనపడింది. అయినా నిద్ర పట్టలేదు. చెక్క బల్ల మీద నిద్ర పట్టదు.

ఆ తర్వాత పుట్టగొడుగుల మేడమ్ లేచారు. ఆవిడ తెచ్చిన మొక్కజొన్న కప్పుల్లో వేడి టీ పోశారు. నాలుగు గుక్కలకి అడుగు మెత్తబడింది, ఐదో గుక్కకి జారిపోయింది.

"చూశారా, ఎంత తొందరగా కలిసిపోతోందో!" అన్నారావిడ సంతోషంగా.

"నేలలో కలవాలి మేడమ్, నా ఒళ్లో కాదు" అన్నారు చమురు ప్రొఫెసరు.

"మీ చమురు చేపల ఒళ్లో కలిస్తే ఫర్వాలేదా?"

అంతే, ఇద్దరూ వాదులాటకి దిగారు. ఎవరికీ టైము తెలియదు, గడియారాలన్నీ హాల్లో ఉన్నాయి. మీ వంతు అయిపోయిందని ఆపేవాళ్లు లేరు. మధ్యాహ్నం దాటింది. విద్యార్థులు లేచి నిలబడి ప్రశ్నలడిగారు. పంతొమ్మిదేళ్లలో హాలక్క విననిది అదొక్కటే, ప్రశ్న. ఆమెకెంత ముచ్చటేసిందంటే టీ పొయ్యి మాట మరిచిపోయింది.

అప్పుడు గడియార స్తంభం మీద సాయంత్రం వదిలే గంట మోగింది. ఐదు.

"చాలు, చాలు" అంటూ అందరూ గడ్డిమీంచి హాలు గుమ్మానికొచ్చారు. హాలక్క అలవాటుగా తాళంచెవి తీసింది. కప్పలో పెట్టబోయి ఆగిపోయింది.

"తియ్యమ్మా, కాళ్లు చల్లబడుతున్నాయి" అన్నారు హెడ్డుగారు.

"ఐదయింది సార్. నేనిప్పుడు ఉద్యోగిని కాదు."

"అయితే?"

"కిందటేడు విరామం రోజున ఒక పిల్ల సంచి లోపలుండిపోతే తాళం తీశాను. ఉద్యోగి కాని మనిషి తాళం ముట్టుకుందని మెమో ఇచ్చారు కదా సార్ మీరు. ఇంకోసారైతే పోలీసులకిస్తామని రాశారు."

ఆమె వేళాకోళమాడటం లేదు. నిజంగానే భయపడింది. తాళంచెవి గుమ్మం పక్క మేకుకి తగిలించి రెండడుగులు వెనక్కి జరిగింది.

"సరే, నేనే తీస్తాను."

"మీరూ తియ్యకూడదు సార్" అన్నాడు వైరు బాబాయి, గుమ్మం మీద అంటించిన కాగితానికి ముక్కు ఆనించి. "'హాలు సహాయకురాలు తప్ప మరెవ్వరూ, నాతో సహా, తాళం తియ్యరాదు.' కింద మీ సంతకమే. మీరు రెండుసార్లు చెవి పారేశాక పెట్టించారు."

కమిటీ పెద్దావిడ పెదవి బిగించి నవ్వాపుకున్నారు. నియమాలు పాటించే శాఖ అని ఇందాకే పుస్తకంలో రాసుకున్నారావిడ. ఆవిడ ముందు హెడ్డుగారు సొంత నియమం తప్పలేరు.

"సరే సరే! ఇప్పుడే కొత్త ఆర్డరు రాస్తాను. కాగితం తెండి."

బాబాయి రంగు గీకేసిన వడ్రంగి పెన్సిలు ఇచ్చాడు. కళ్లద్దాల్లేని హెడ్డుగారు కాగితాన్ని చేతి పొడవునా దూరం పెట్టి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చారు. బాబాయి పైకి చదివాడు. "ఎల్లుండి నుంచి పదకొండు నెలలు."

"ఎల్లుండా?" అన్నారు నలభైమంది ఒక్కసారే.

"రేపు విరామం కదా. అది పద్ధతి" అన్నారు హెడ్డుగారు.

"ఎల్లుండి దాకా నేను ఇంటికెలా వెళ్లాలండీ, దారీ కనపడదు, చెప్పులూ లేవు?" అన్నారు చమురు ప్రొఫెసరు. "ఇంతకీ ఆ ఒక్కరోజు విరామం దేనికి?"

హెడ్డుగారు పెన్సిలు మొన తడుముకున్నారు. అందరికీ తెలిసిన సంగతిని పైకి చెప్పాలంటే ఎంతటివాడికైనా నోరు రాదు. పొద్దుటి విద్యార్థినే చెప్పేసింది. "వరస తెగ్గొట్టడానికి సార్. అక్క పర్మనెంటు అడగకూడదని."

హాలక్క ముఖం దించుకుంది. నోటిదాకా వచ్చిన మాట పంతొమ్మిదిసార్లు వెనక్కెళ్లింది. ఈసారి ఆగలేదు.

"ఎల్లుండి అని రాస్తే నేను ఎల్లుండే వస్తాను సార్. మీరెలా రాస్తే అలా. కానీ ఇప్పుడే తియ్యమంటే, రేపు కూడా పనిలో ఉన్నట్టే రాయాలి. ఉత్తినే తాళం తీసి, కాగితంలో లేనట్టు ఉండటం ఇంక నావల్ల కాదు."

"కొట్టెయ్యండి సార్ ఆ విరామం!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. పుట్టగొడుగుల మేడమ్ అని తర్వాత తేలింది. పురికొసలు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యెత్తి ఇంజనీర్లందరూ అందుకున్నారు. ఆ శాఖ చరిత్రలో చమురువాళ్లూ మొక్కజొన్నవాళ్లూ ఒక్కమాట మీద నిలబడింది అప్పుడే.

హెడ్డుగారు ఒకసారి కమిటీ పెద్దావిడ వైపు చూశారు. మసగ్గా కనపడ్డారు. ఒకసారి తన కాళ్ల వైపు చూసుకున్నారు. అవీ మసగ్గానే ఉన్నాయి గానీ చలి మాత్రం స్పష్టంగా తెలుస్తోంది. "ఎల్లుండి" కొట్టేసి "ఈ సాయంత్రం ఐదు గంటల నుంచి, విరామం లేకుండా" అని రాసి సంతకం పెట్టారు. బాబాయి రెండుసార్లు చదివాడు. పెద్దావిడ సాక్షి సంతకం పెట్టారు.

హాలక్క మేకు మీది తాళంచెవి అందుకుని తలుపు తీసింది. లోపల నలభై జతల బూట్ల కోసం కళ్లద్దాల్లేని నలభైమంది వెతుక్కున్న తీరు చెప్పాలంటే వేరే పుస్తకం కావాలి.

మర్నాడు ప్రసంగాలేమీ లేవు. అయినా పొద్దున్నే యూనిఫాం వేసుకుంటుంటే అత్త అడ్డుపడింది. "పనేం లేదన్నావుగా, ఎక్కడికే?"

"పని లేకపోయినా నేను పనిలో ఉన్నానత్తా ఇవాళ."

వెళ్లి హాలు తాళం తీసింది. రిజిస్టరులో ఆ తేదీ ఎదురుగా, ప్రతి విరామానికీ ఖాళీగా ఉండే గడిలో సంతకం పెట్టింది. చివరి వరస వెనకాల స్టూలు మీద కూర్చుంది. కాసేపు ఖాళీ వేదిక వైపు చూసింది. తర్వాత, జీతం నడుస్తుండగా, ప్రొఫెసర్లందరిలాగే హాయిగా కునుకు తీసింది.