మోటరుకు పోసిన ఆముదం

మిర్యాలగూడ నుంచి బెజవాడ పోవడానికి బస్సులున్నాయి. చంటిబిడ్డతో పోయేవాళ్లు వాటినే నమ్ముకోవాలి. ఇంట్లో మోటరు ఉన్నవాళ్లకు ఈ సలహా మరీ అవసరం.

మా పాపకు పది నెలలు. ఎండలు ముదిరాక కుడిచెవి నుంచి చీము కారడం మొదలైంది. వారం తిరక్కుండానే చెవి వెనక ఎర్రగా ఉబ్బింది. ఊళ్లో డాక్టరు వేలితో తాకి చూసి, "రేపు సాయంత్రానికల్లా బెజవాడలో కోయించాలి. చీము లోపలికి తిరిగిందంటే చెవి మాట అటుంచమ్మా, బిడ్డ దక్కడమే కష్టం" అన్నాడు. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో. టెలిగ్రాం ఇచ్చాం గాని ఆయన వచ్చేదాకా ఆగే వీలు లేదు. పొద్దున ఆరు గంటల బస్సుకు పోదామని బట్టలు సర్దుకున్నాను.

మా మామగారి తమ్ముడు, చినమామయ్య, అడ్డం పడ్డారు.

"ఇంట్ల మోటరు పెట్టుకొని బస్సుల పోతవా బిడ్డా? సూసినోళ్లు ఏమంటరు? నేను తీస్కపోత."

ఆ మోటరు యుద్ధానికి ముందుది. పోలీసు చర్య తర్వాత ఊరు విడిచి పోతున్న ఎవరో వదిలించుకుంటే ఈయన తగిలించుకున్నారు. కోదాడకు హుజూర్‌నగర్ మీదుగా దగ్గర దారి ఉంది. ఈయన సూర్యాపేట మీదుగానే పోదామన్నారు. దగ్గర దారిలో మోటరును చూసే జనం తక్కువ.

ఆరు గంటల బస్సు మా గుమ్మం ముందు నుంచే వెళ్లిపోయింది. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మేము కదిలేసరికి ఏడున్నర. డ్రైవరు యాదయ్య మొన్నటిదాకా చినమామయ్య సవారి బండి తోలినవాడు. ఊరు కనబడగానే చినమామయ్య "జర గర్జించనియ్యిరా" అనేవారు. యాదయ్య క్లచ్ సగం తొక్కిపట్టి పెట్రోలు పెంచేవాడు. ఇంజను పులిలా అరిచేది, మోటరు పెళ్లి ఊరేగింపులా సాగేది. అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారు. నిలబడని ఊళ్లో ఇంకాస్త తొక్కించేవారు.

తొమ్మిదికి మూసీ చేరాం. నీళ్లు ఒక పాయలోనే ఉన్నాయి, మిగతాదంతా ఇసుక. బండ్లు దిగబడకుండా తాటాకులు పరిచారు. నడుమకు వచ్చేసరికి ఇంజను మోత పెరుగుతూనే ఉంది గాని చక్రాలు తిరగడం మానేశాయి. ఏదో మాడిన వాసన. వెనక చొప్పబండి తోలుకొస్తున్న రైతు తన ఎడ్లను విప్పి తెచ్చి మోటరుకు కట్టాడు.

"గింత మొత్తుకుంటది, జరుగదేంది దొరా? మా ఎడ్లు మొత్తుకోవు, నడుస్తయ్" అన్నాడు.

"ముచ్చట్లు బంద్ చెయ్. గుంజు" అన్నారు చినమామయ్య, మోటరులోంచి దిగకుండానే. పాపను భుజాన వేసుకుని ఇసుకలో నడిచింది నేను.

ఒడ్డెక్కాక ఏ కాస్త ఎత్తు వచ్చినా అదే తంతు. ఇంజనుది పులి అరుపు, మోటరుది నత్త నడక. పాప ఒళ్లు కాలిపోతోంది. ఏడ్చే ఓపిక లేక మూలుగుతోంది. సూర్యాపేట షెడ్డులో ఆగేసరికి పదకొండు కావస్తోంది.

షెడ్డు మేస్త్రీ మస్తాన్ బానెట్ తెరవకుండానే రోగం చెప్పేశాడు. "పెట్రోలుల మిలావట్ ఉన్నది సాబ్, కిరసనాయిలు కలిపిన్రు. పది నిమిషాల్ల ఖతం చేస్త." ప్లగ్గులు విప్పాడు, గీకాడు, ఊదాడు. కార్బొరేటర్ విప్పాడు, అదీ ఊదాడు. ఊదనప్పుడల్లా తాను బాగుచేసిన మిలిటరీ లారీల కథలు చెప్పాడు. అలా గంట గడిచింది.

గుంటూరులో మా అన్నయ్యకు లారీ ఉండేది. క్లచ్ పోయిందేమోనని అనుమానం వస్తే ఏం చేస్తారో చిన్నప్పుడు వందసార్లు చూశాను.

"హాండ్ బ్రేకు లాగి, టాప్ గేరులో వేసి, క్లచ్ వదలండి. క్లచ్ మంచిదైతే ఇంజను ఆగిపోవాలి" అన్నాను.

మస్తాన్ చినమామయ్య వైపు చూసి నవ్వాడు. "మోటరు ముచ్చట ఆడోళ్లకెందుకమ్మా?"

"చేసి చూడండి. తర్వాత అందరం నవ్వుదాం."

యాదయ్య చేశాడు. ఇంజను ఆగలేదు సరిగదా, హాయిగా తిరుగుతూనే ఉంది. కింద నుంచి పొగ లేచింది. అది ముక్కుకు తగలగానే నాకు మా ఇంటి ఉగ్గుగిన్నె గుర్తొచ్చింది.

"ఇది ఆముదం వాసన. యాదయ్యా, ఏం పోశావు?"

యాదయ్య తల గోక్కున్నాడు. "పెడల్ తొక్కితే కిర్రుకిర్రుమంటుండె అమ్మా. దొర పొయ్యమన్నడు. కింద మూత తీసి సీసెడు పోసిన."

"ఇరుసు మొత్తుకుంటే ఆముదం పొయ్యమా? మా తాతల సంది పోస్తున్నం" అన్నారు చినమామయ్య, ఏమాత్రం జంకకుండా.

"ఇరుసు జారితే బండి నడుస్తుంది మామయ్యా. క్లచ్ జారితే బండి ఆగుతుంది."

చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. ఇంజనుకూ గేరుబాక్సుకూ నడుమ పళ్లెంలా క్లచ్ ప్లేటు ఉంటుంది. దాని రెండువైపులా ఉన్న లైనింగు గట్టిగా పట్టుకుంటేనే ఇంజను బలం చక్రాలకు చేరుతుంది. ఊరూరా గర్జింపజేసి ఈయన దాన్ని ముందే అరగదీశారు. అరిగినదానికి ఆముదంతో తలంటారు.

"నేను మొదాలే అనుకున్న" అన్నాడు మస్తాన్. గేరుబాక్సు దించాలి, కొత్త లైనింగు బెజవాడ నుంచి రావాలి, దాన్ని ప్లేటుకు రివిట్లతో బిగించాలి. ఎల్లుండికి గాని కాదన్నాడు.

"రెండు దినాలే గదా బిడ్డా" అన్నారు చినమామయ్య. "గీడ మనోళ్లింట్ల ఉందాం. మల్ల మోటరుల్నే దర్జాగ పోదాం."

"పాపకు అంత గడువు లేదు. నేను బస్సుకు పోతాను, మీరూ రండి."

ఆయన మోటరును చూశారు, నన్ను చూశారు. "దీన్ని పరాయోళ్ల చేతుల విడిచిపెట్టి ఎట్ల వస్త?"

మోటరును విడవలేని మనిషి మమ్మల్ని ఇట్టే విడిచిపెట్టారు.

పన్నెండున్నరకు కోదాడ బస్సు దొరికింది. నిలబడడానికే చోటు లేదు. గొర్రెలు అమ్ముకుని వస్తున్న ఒకావిడ లేచి తన చోటు ఇచ్చింది. "పోరి పాణం మంచిగ లేనట్టుంది. గీ కిటికీ కాడ కూసో తల్లీ, గాలొస్తది." దారంతా ఆమె పాప అరికాళ్లు రాస్తూనే ఉంది. కోదాడలో దిగేసరికి బెజవాడ బస్సు కదిలిపోతోంది. ఆమె పరుగెత్తి రేకు మీద అరచేత్తో దబదబా బాదింది. "ఆపయ్యా! పసిపిల్ల పాణం మీదికొచ్చింది, ఆపు!"

కండక్టరు చెయ్యి అందించాడు. "ఎక్కండమ్మా. టికెట్టుకు హాలీ రూపాయలు నేను తీసుకుంటాను గానీ, జగ్గయ్యపేట దాటితే ఎవరూ ముట్టుకోరు. కంపెనీ రూపాయలు ఉన్నాయా?" నైజాం హాలీతో పాటు ఆంధ్రలో చెల్లే కంపెనీ రూపాయలూ ఉన్నాయి. ఈ దారిన వచ్చేవాళ్లు ముందే మార్చుకోండి.

చీకటి పడేవేళకు బెజవాడ ఆస్పత్రి చేరాం. అప్పటికప్పుడే కోశారు. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ, "రేపు తెస్తే నేను కత్తి పట్టేదాన్ని కాదు" అంది.

"చెవి వినిపిస్తుందా అండీ?"

"బిడ్డ బతుకుతుంది. చెవి సంగతి ఇప్పుడే చెప్పలేను."

రెండు వారాలు ఆస్పత్రి ఎదుటి సత్రంలో ఉన్నాం. మా ఆయన వచ్చారు. రోజూ పాప వెనక చప్పట్లు కొట్టేదాన్ని, గిన్నె మోగించేదాన్ని. తిరిగి చూసేది. కాని ఏ చెవితో విన్నదో ఎలా తెలుస్తుంది?

తిరుగు ప్రయాణంలో సూర్యాపేటలో బస్సు మారాం. టికెట్లు తీసుకుని కూర్చున్నామో లేదో, మేము వచ్చే రోజు తెలుసుకుని చినమామయ్య ఎదురొచ్చారు. మోటరు కడిగి, పూలదండ కూడా వేశారు.

"కొత్త క్లచ్ బిడ్డా! ఎక్కుండ్రి."

మా ఆయన లేవబోయారు. "పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడేమో..."

"చిన్నబుచ్చుకోనివ్వండి" అన్నాను.

బస్సు కదిలింది, మోటరు వెంటపడింది. మమ్మల్ని దాటి ముందుపోతే గాని ఆయన పరువు నిలవదు. బస్సు డ్రైవరు దారి ఇవ్వడు. దాంతో హారన్ మొదలైంది. దూడ తప్పిన గేదె కూడా అంత వికారంగా అరవదు.

పాప నిద్రలో ఉంది. మంచి చెవి నా రొమ్ముకు అదిమి ఉంది, కోసిన చెవి పైకుంది. హారన్ మోగగానే ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. తల ఎత్తకుండానే కళ్లు కిటికీ వైపు తిప్పింది. మళ్లీ మోగింది. మళ్లీ తిప్పింది. మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పోనూ రానూ ఇంత దూరంలో ఆ మోటరు వల్ల నాకు కలిగిన మేలు ఇదొక్కటే.

బస్సు డ్రైవరు విసుక్కున్నాడు. "గా దొరకు దారిస్త అమ్మా, తలకాయ నొస్తున్నది."

"వద్దు, మూసీ దాకా ఇవ్వకు. మా పాపను విననీ" అన్నాను.