హార్మోనియం ఎవరి ముందు పెడితే

పదకొండేళ్ళు కిందా మీదా పడి నేను నేర్చుకున్న హార్మోనియాన్ని మా స్నేహితుడు ఏడాదిన్నరలో నేర్చేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. పైగా అతన్ని చేయి పట్టుకుని హార్మోనియం దగ్గరికి తీసుకెళ్ళింది నేనే.

నేను స్టీలు ప్లాంటులో పని చేస్తాను. వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి షిఫ్టులు మార్చుకుని శని, ఆదివారాలు ఖాళీ ఉంచుకుంటాను. శనివారం ఒక సినిమా, ఒక పాత నవల. ఆదివారం పొద్దున్న వన్‌టౌన్‌లో హార్మోనియంలు బాగుచేసే భాయ్ కొట్టు మీది గదిలో పాటలు. నాలాంటి పనీపాటా ఉన్నవాళ్ళం ఏడెనిమిది మందిమి చేరేవాళ్ళం. అక్కడ ఒక పద్ధతి ఉంది. హార్మోనియం పెట్టెను ఎవరూ తమంతట తాము తీసుకోకూడదు. అందరం చాప మీద కూర్చున్నాక భాయ్ దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి ఒకరి ముందు పెడతాడు. ఆ రోజు వాయించేది వాళ్ళే. ఎందుకని భాయ్ చెప్పడు, మేం అడగం. ఏళ్ళ తరబడి అది నా ముందే పెట్టాడు.

ఈ స్నేహితుడిది పద్మనాభం అనే పల్లెలో వ్యవసాయ కుటుంబం. పోర్టులో గుమాస్తా, రోజూ బస్సులో వచ్చి వెళతాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ నన్ను నోరారా బావా అంటాడు. ఇద్దరం కలిసే సినిమాలు చూస్తాం. ఒక నవల కొని మొదట నేను, తరవాత అతను చదువుతాం. సినిమా నుంచి తిరిగొస్తూ బస్సులో పాటల మధ్య వాద్యాలు కూడా వదలకుండా కూనిరాగం తీసేవాడు. అదే సినిమాలో నాకు గుర్తుండేది సమోసా.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం భాయ్ పెట్టె మోసుకొచ్చాడు. నేను అలవాటుగా చేతులు ముందుకు చాపాను. భాయ్ నన్ను దాటి వెళ్ళి అతని ముందు పెట్టాడు. చాచిన చేతులతో ఏం చేయాలో తెలియక చాప ముడతలు సర్దాను. ఆ తరవాత రెండు వారాలూ అంతే. అందరూ తలలు ఊపుతుంటే నేనూ ఊపాను.

మరుసటి శనివారం బస్సులో అతను మర్నాడు వాయించబోయే పాట వినిపించాడు. పల్లవి ప్రతిసారీ మధ్యమం మీద, అంటే 'మ' స్వరం మీద ఆగుతుంది. ఆదివారం అందరికంటే ముందే వెళ్ళాను. భాయ్ టీ తేవడానికి కిందికి దిగాడు. ఉప్పుగాలికి చెమ్మెక్కిన రీడ్లు తుడవడం ఆయన నాకే నేర్పాడు కాబట్టి పెట్టె విప్పడం నాకు చిటికెలో పని. సంచిలో ఉన్న నవలలోంచి ఒక పేజీ మూల చింపి, మధ్యమం పలికే రీడు ఇత్తడి నాలిక కింద దూర్చాను. మళ్ళీ బిగించి, వచ్చి చాప మీద పెద్దమనిషిలా కూర్చున్నాను.

అనుకున్నట్టే పెట్టె అతని ముందుకే వెళ్ళింది. పల్లవి చివరికొచ్చి మెట్టు నొక్కితే గాలి తుస్సుమంది.

"ఏటి బావా, ఇది పలకట్లేదేటి?" అని నా వైపు చూసి నవ్వాడు. "పోన్లే, పక్క మెట్టు కాణ్ణించి ఎత్తుకుంతాను."

షడ్జమాన్ని, అంటే 'స'ను, పక్క తెల్ల మెట్టు మీదికి జరుపుకుని పాట మొత్తం వాయించాడు. ఆ కొత్త శ్రుతిలో నేను మూగబెట్టిన మెట్టుతో పాటకు అవసరమే రాలేదు. నాకు పదకొండేళ్ళుగా ఒకటే శ్రుతి. అక్కణ్ణించి కదిపితే నా వేళ్ళకు దారి తెలియదు. అందరి సంగతీ అంతే అనుకున్నాను. నేను వాయిస్తూ ఉండి ఉంటే ఆ కాగితం ముక్కకు నేనే చచ్చేవాణ్ణి.

పాట అయ్యాక భాయ్ పెట్టెను నా వైపు జరిపాడు. "జరా సూడు. రీడ్లు తుడిసేది నువ్వే గదా."

అతను నా పక్కన కూర్చుని ఫోను లైటు పట్టాడు. కాగితం బయటికి వచ్చింది. దాని మీద అచ్చులో తొంభై ఏడు అన్న అంకె ఇద్దరికీ కనిపించింది. గుప్పిట మూసి, "ఏదో సెత్త" అన్నాను. అతను ఫోను లైటు ఆర్పేశాడు. వెళ్ళేటప్పుడు మామూలుగా చెయ్యి చాపితే నవల ఇచ్చేశాను. ఇవ్వకపోతే ఇంకా బాగోదు.

వారమంతా ప్లాంటులో నా బుర్ర పని చేయలేదు. శనివారం సినిమా హాలు దగ్గర నవల తిరిగి ఇస్తూ, "కత బాగుంది బావా" అన్నాడు. అంతే. విప్పి చూస్తే తొంభై ఏడో పేజీకి మూల ఉంది. తెల్లకాగితం కత్తిరించి, జిగురుతో అంటించి, అంకె తన చేత్తో రాశాడు.

మర్నాడు భాయ్ పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. తల ఎత్తాను. "ఆడే అడిగాడు, ఇయాల బావే వాయించాలని" అన్నాడు భాయ్. నా ఒకే ఒక్క శ్రుతిలో వాయించాను. అందరికంటే ముందు తల ఊపింది అతనే.

అతని వేళ్ళను చూసి కుళ్ళుకున్నన్నాళ్ళూ, కనీసం మా ఇద్దరిలో మంచివాణ్ణి నేనే అనుకునేవాణ్ణి. అదీ లాక్కున్నాడు.