వెంకటరత్నం గారి గోడ

పక్కింటివాళ్లు శాటిలైట్ డిష్ బిగించుకుంటున్నారు. డ్రిల్లు గోడలోకి దిగిన కాసేపటికి, కిటికీ సందులోంచి తడి ఇటుక పొడి వాసన వచ్చింది. వాట్‌ఫర్డ్‌లో వాన పడుతున్న ఉదయం అది. టీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నదాన్ని, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మట్టి వాసనకు సొంత ఊరు గుర్తొస్తుందంటారు. నాది అనంతపురం. కానీ ఈ వాసనకు నాకు గుర్తొచ్చేది నాటింగ్‌హామ్‌లో ఒక పాత ఇటుకల ఇల్లు, ఆ ఇంట్లో ఒంటరిగా బతికిన వెంకటరత్నం గారు. ఆయన నాకు బంధువు కాదు, గురువు కాదు. నేను చేసిన ఒక తప్పుకు మధ్యలో నిలబడిన మనిషి.

2001 చివర్లో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను బేసింగ్‌స్టోక్ నుంచి నాటింగ్‌హామ్ పంపింది. ఆ ఊళ్లో అప్పుడు కొత్తగా ట్రామ్ దారి వేస్తున్నారు. రోడ్లన్నీ తవ్వి, చుట్టూ ఎర్ర తెల్ల అడ్డుకర్రలు పెట్టి, పట్టాలు పరుస్తున్నారు. దారి పొడుగునా ఉన్న ఇళ్ల చిరునామాలు, యజమానుల పేర్లు, వాళ్లకు వెళ్లిన ఉత్తరాలు, వచ్చిన జవాబులు అన్నీ ఒక డేటాబేస్‌లో పెట్టడం నా పని. అద్దెకు తీసుకున్న గదికి ఎదురుగా మూతబడిన లేసు ఫ్యాక్టరీ ఉండేది. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో 'బై' అన్నాక, మళ్లీ సోమవారం 'మార్నింగ్' అనేదాకా నోరు విప్పే అవసరం రాని వారాలున్నాయి. ఆదివారాలు సూపర్‌మార్కెట్‌కు వెళ్లి, అవసరం లేకపోయినా బ్రెడ్డు ఎక్కడుందని అడిగేదాన్ని, నా గొంతు నాకే వినపడడం కోసం.

ట్రామ్‌కు పైన కరెంటు తీగలుండాలి. రోడ్డు వెడల్పుగా ఉన్నచోట స్తంభాలు పాతుతారు. ఇరుకు వీధుల్లో మాత్రం ఇళ్ల గోడలకే కొక్కేలు బిగించి, వాటికి తీగలు లాగి కడతారు. అందుకు ఇంటి యజమాని సంతకం కావాలి. హైసన్ గ్రీన్ వైపు కొన్ని ఇళ్ల నుంచి ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. మా మేనేజరు గ్రాహం నా బల్ల దగ్గరికి వచ్చి, "అక్కడ ఎక్కువమంది మీవాళ్లే. నీకు భాష వస్తుంది కదా, ఒకసారి తలుపులు తట్టి చూడు" అన్నాడు. అక్కడున్నది ఎక్కువగా పంజాబీలు, పాకిస్తానీలు. నాకు వచ్చింది హైదరాబాదు హాస్టల్లో నేర్చుకున్న హిందీ. అయినా వెళ్తానన్నాను. ఎవరితోనో ఒకరితో మాట్లాడవచ్చు కదా అనుకున్నాను.

జాబితాలో ఆఖరి పేరు మిసెస్ డొరతీ రత్నం. తలుపు తీసింది మాత్రం డెబ్భైకి దగ్గరపడిన మనిషి. ఉన్ని స్వెటరు, కింద లుంగీ. నేను హిందీలో పరిచయం చేసుకున్నాను. ఆయన పలకలేదు. మళ్లీ చెప్పాను. రెప్ప వేయకుండా చూస్తున్నాడు. వాన నా మెడ మీద నుంచి కోటు లోపలికి కారుతోంది. "ఈయప్పకు చెవులు వినపడవేమో" అని నాలో నేను గొణుక్కున్నాను.

"చెవులు బానే వినపడతాయమ్మా. హిందీయే రాదు" అన్నాడు.

నేను నాలుక కరుచుకున్నాను. ఆయనే అడిగాడు, "సీమ పిల్లవా?" అని.

"అనంతపురం సార్. ట్రామ్ ఆఫీసు నుంచి వచ్చినా."

"మాది బందరు. లోపలికి రా, తడుస్తున్నావు."

ముందు గదిలో బీరువా మీద ఒక ఉత్తరాల కట్ట రబ్బరు బ్యాండు వేసి ఉంది. అన్నీ మా ఆఫీసు కవర్లే. ఒక్కటీ విప్పలేదు. నేను వాటి వైపు చూడడం గమనించి, "డొరతీ పేరున వస్తాయి. ఒకళ్ల ఉత్తరం ఇంకొకళ్లు విప్పకూడదు" అన్నాడు. ఆంటీ ఎక్కడున్నారని అడిగాను. "పోయి ఆరేళ్లయింది" అన్నాడు, పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా.

తర్వాత మెల్లగా తెలిసింది. ఇల్లు కొనేటప్పుడు లోను ఇచ్చే మనిషి ఈయన వైపు తల కూడా తిప్పకుండా అన్నీ ఇంగ్లీషావిడైన భార్యతోనే మాట్లాడాడట. కాగితాలు ఆవిడ పేరు మీదే అయ్యాయి. ఆవిడ పోయాక పేరు మార్పించడానికి మరణ ధ్రువపత్రం పోస్టులో పంపమన్నారు. "పంపబుద్ధి కాలేదు. పంపకపోతే ఏమవుతుంది, ఉత్తరాలు ఆవిడకే వస్తాయి. రానీ అనుకున్నాను."

వెళ్లేటప్పుడు "థాంక్స్ అంకుల్" అన్నాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "అంకుల్ అనకమ్మా. ఈ వీధిలో పిల్లకాయలందరికీ నేను అంకుల్‌నే. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు విన్స్ అన్నారు. డొరతీ రత్నం అనేది. నా పేరు వెంకటరత్నం. పూర్తిగా ఎవరైనా పిలిచి ఎన్నాళ్లయిందో."

అప్పటి నుంచి వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. ఎవరైనా అడిగితే ఆఫీసు పని. నా సంచిలో సంతకం ఫారం ఎప్పుడూ ఉండేది. ఆయన స్టవ్ మీద పాలలోనే టీపొడి మరగబెట్టి ఇచ్చేవాడు. బందరులో లెక్కల మాస్టరుగా పనిచేసి వచ్చిన మనిషి. ఇక్కడ బడుల్లో ఉద్యోగం ఇవ్వలేదు. ట్రాలీబస్సు మీద కండక్టరుగా తీసుకున్నారు. ట్రాలీబస్సంటే ఏమిటో కూడా నాకు అప్పుడే తెలిసింది. పట్టాల మీద కాక మామూలు చక్రాల మీదే రోడ్డున నడుస్తూ, నెత్తిన ఉన్న రెండు కడ్డీలతో పైతీగల కరెంటు తీసుకునే బస్సు.

"మలుపుల్లో కడ్డీ తీగ మీంచి జారిపోయేది. అంతే, బస్సు నడిరోడ్డు మీద చచ్చినట్టు ఆగిపోయేది. బస్సు కింద పొడుగాటి వెదురుగడ ఉండేది. అది లాగి, కడ్డీని మళ్లీ తీగకు తగిలించాలి. మొదటిసారి నాకు పావుగంట పట్టింది. వాన. వెనకాల కార్ల హారన్లు. ఒకడు కిటికీలోంచి, 'మీ దేశంలో ఏనుగుల్ని దీంతోనే తోల్తారా' అన్నాడు. అప్పుడు ఒకావిడ బస్సు దిగొచ్చి నాకు గొడుగు పట్టింది."

"డొరతీ ఆంటీయేనా?"

"కాదు. ఆవిడెవరో ఇప్పటికీ తెలీదు. డొరతీని చూసింది ఆ తర్వాత రెండేళ్లకు."

నేను నవ్వితే ఆయనా నవ్వాడు. ఈ ఊరు ముందు ట్రామ్‌లను తీసేసిందనీ, ఆ దారుల్లోనే ట్రాలీబస్సులు తెచ్చిందనీ, 1966లో వాటినీ ఆపేసి తీగలన్నీ విప్పేసిందనీ ఆయనే చెప్పాడు. "ఇప్పుడు మళ్లీ పట్టాలు, మళ్లీ తీగలు. తీసేసినప్పుడు నేను డ్రైవరు లైసెన్సు కోసం చదువుతున్నాను. మంచిదే అనుకున్నాను, వెదురుగడ బాధ వదిలిందని. చివరి బస్సు చూడ్డానికి జనం వీధుల్లో నిలబడితే, వీళ్లకేం పనిలేదా అనుకున్నాను." టీ గ్లాసులు తీస్తూ, "చూసుంటే బాగుండేది" అన్నాడు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. మూడు వారాలు గడిచినా నేను ఆయన్ని సంతకం అడగలేదు. అడిగితే పెడతాడని తెలుసు. పెడితే ఫైలు మూతబడుతుంది. ఫైలు మూతబడితే ఆ ఇంటికి వెళ్లడానికి నాకు కారణం ఉండదు. రిపోర్టులో ప్రతివారం 'సంప్రదింపులు జరుగుతున్నాయి' అని రాశాను. నాలుగో వారం గ్రాహం వచ్చి, తీగలు కట్టేవాళ్లు సోమవారం ఆ వీధిలోకి వస్తున్నారనీ, ఆ ఒక్క ఇల్లూ తేలకపోతే వాళ్లంతా ఖాళీగా కూర్చోవాలనీ చెప్పాడు. "ఏమంటున్నాడాయన? నెల నుంచి వెళ్తున్నావు కదా?" అన్నాడు. నాలుగు వారాలుగా అసలు అడగనే లేదని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. "ఒప్పుకున్నారు. నోటిమాటగా" అన్నాను. అలాగే టైపు చేశాను. శనివారం వెళ్లి సంతకం తెచ్చేస్తే సరిపోతుందనుకున్నాను. శనివారం వెళ్లాను. టీ తాగాను. బందరు సముద్రం గురించి విన్నాను. ఫారం సంచిలోనే ఉండిపోయింది.

సోమవారం పొద్దున పనివాళ్లతో పాటు నన్నూ పంపారు, ఇళ్లవాళ్లకు ఏమైనా చెప్పాల్సి వస్తే చెప్పమని. సన్నగా వాన. నిచ్చెన గోడకు ఆనిన చప్పుడుకు వెంకటరత్నం గారు తలుపు తీశాడు. ఫోర్‌మన్ మర్యాదగానే, "మీరు ఒప్పుకున్నట్టు మా దగ్గర రాసి ఉంది సార్" అని కాగితం చూపించాడు. ఆయన కళ్లజోడు తెచ్చుకుని నిదానంగా చదివాడు. కింద నా పేరుంది. తలెత్తి నా వైపు చూశాడు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

"అవును. ఈ అమ్మాయితో చెప్పాను" అన్నాడు ఇంగ్లీషులో.

డ్రిల్లు మొదలైంది. గోడ మీంచి ఎర్రటి నీళ్లు చారలుగా కారాయి. కొక్కెం బిగించేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నన్ను రమ్మనలేదు.

సాయంత్రం ఆఫీసు అవగానే వెళ్లాను. తలుపు తీసి పక్కకు జరిగాడు. నేను ఏడుస్తూ ఏదేదో చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు, ఓదార్చలేదు. అంతా అయ్యాక, "అడగలేదు కదమ్మా నువ్వు" అన్నాడు. "ఇన్నాళ్లూ అడుగుతావేమోనని చూశాను. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో నా తరఫున ఎవరో ఒకరు సంతకం పెడుతూనే ఉన్నారు. డొరతీ పెట్టింది ప్రేమతో. నువ్వు కూడా పెట్టేశావు."

ఆ మాట మెల్లగానే అన్నాడు.

తర్వాత ఫారం తీయమన్నాడు. వెనక తెల్లగా ఉన్న వైపు తిప్పించి, తను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాయమన్నాడు. తన పూర్తి పేరు, ఊరు, ఉద్యోగం. భార్య డొరతీ చనిపోయి ఆరేళ్లయిందని. ఈ గోడకు తీగ కట్టుకోవడానికి తనకు అభ్యంతరం లేదని. చదివి వినిపించమన్నాడు. చదివాను. "నా గోడ అని రాశావు. మా గోడ అని చెప్పాను" అన్నాడు. దిద్దాను. మళ్లీ చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టాడు. గుమ్మం దాకా వచ్చి, "పని అయిపోయింది. ఇక ఊరికే రావచ్చు" అన్నాడు.

మర్నాడు ఆ కాగితం గ్రాహం ముందు పెట్టి, జరిగింది చెప్పాను. అతను దాన్ని ఫైల్లో పెట్టుకుని, "ఇంకెప్పుడూ చేయకు" అని మాత్రం అన్నాడు. ఉద్యోగం పోలేదు. కానీ నేను వెంకటరత్నం గారింటికి మళ్లీ వెళ్లలేదు. సిగ్గు. ఆ వీధి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చిన రోజులున్నాయి. ఆయన తలుపు తెరిచి పెట్టినా, చేతిలో కాగితం లేకుండా ఒకరింటికి వెళ్లడం నాకు చేతకాలేదు. ఏడాదికి పైగా అలాగే గడిచింది.

2004 వసంతంలో ట్రామ్ నడవడం మొదలైంది. ఒక మధ్యాహ్నం ఎక్కితే, కిటికీ పక్క సీట్లో ఆయన కనిపించాడు. కోటు, టై, దువ్విన తల. "రా, కూచో" అన్నాడు, నిన్ననే చూసినట్టు. వారంలో నాలుగు రోజులు అవతలి చివర హక్నాల్ దాకా వెళ్లి తిరిగొస్తాడట. కండక్టరు కుర్రాడు టికెట్లు ఇస్తూ వెళ్లాక నా చెవి దగ్గరికి వంగి, "మనిషి మొహం చూడకుండా ఇస్తున్నాడు. చెప్పాలి వీడికి" అన్నాడు. ఆయన ఇంటి ముందు నుంచి ట్రామ్ వెళ్తున్నప్పుడు ఇద్దరం తల తిప్పి గోడ వైపు చూశాం. నేను క్షమించమని మళ్లీ అడగలేదు, ఆయన గుర్తు చేయలేదు.

మరుసటి ఏడు నాకు వాట్‌ఫర్డ్‌లో ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు ఫోన్ చేసుకునేవాళ్లం. తర్వాత నెలకొకసారి. తర్వాత పండక్కి. 2007 చలికాలంలో ఫోన్ చేస్తే పక్కింటి నసీమ్ ఆంటీ ఎత్తారు. ఇల్లు సర్దుతున్నారట. ఆయన పోయి మూడు వారాలైందన్నారు. "ఫోన్ పుస్తకంలో పేర్లున్నవాళ్లందరికీ చెప్పాం బేటీ. ఒక్క పేరు మాత్రం ఏదో లిపిలో రాసుంది, మాకెవరికీ చదవరాలేదు. అది నువ్వేనా?"

నేనే. ఆయన నా పేరు తెలుగులో రాసుకున్నాడు.

ఆ మరుసటి ఏడాది నాటింగ్‌హామ్ వెళ్లాను. ట్రామ్ దారిని దక్షిణానికి, పడమరకు పొడిగించాలా వద్దా అని ఊరంతా వాదించుకుంటోంది. ఆయన ఉంటే ఏమనేవాడోనని ఆలోచిస్తూ ఆ వీధిలో నడిచాను. ఇంట్లో కొత్తవాళ్లున్నారు. తలుపుకు నీలం రంగు వేశారు. నేను తట్టలేదు.

తర్వాత సాఫ్ట్‌వేర్ వదిలేశాను. ఇప్పుడు ఒక కౌన్సిల్లో, ఇళ్ల మరమ్మతుల విషయంలో జనం మాటలు రాసుకునే పని. అద్దెకున్నవాళ్లు, ముసలివాళ్లు, ఇంగ్లీషు అంతగా రానివాళ్లు చెప్పింది రాసి, లేచే ముందు గట్టిగా చదివి వినిపిస్తాను. చాలామంది సరేనంటారు. కొందరు ఒక్క మాట మార్చమంటారు. దిద్ది మళ్లీ చదువుతాను. ఆలస్యమవుతుందని మా మేనేజరు విసుక్కుంటుంది. పని ముగిసి ఫైలు మూసేశాక, వాళ్లలో ఒంటరిగా ఉన్నవాళ్ల ఇంటికి ఇంకొకసారి వెళ్తాను. తలుపు తీసినవాళ్లు నా చేతిలో కాగితం ఏదని వెతుక్కుంటారు. ఏమీ లేదండీ, ఊరికే వచ్చాను అని చెప్పడానికి నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గేస్తుంది. అయినా చెప్తాను.