నురగ అత్త వాటా

మా మేనమామ పోయాడు. శనివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. విజయనగరంలో నేను బడిలో పాఠాలు చెప్పి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అత్త ఫోన్ చేసింది.

"ఒసే, మీ మావ లెగడం లేదే. ఎంత పిలిసినా పలకతన్లేదు. బేగి రా, నువ్వొచ్చి పిలు."

నేను పిలిస్తే లేస్తాడని ఆమె నమ్మకం. రైల్లో కూర్చున్నంతసేపూ నేనూ అదే నమ్ముకున్నాను.

ఆమదాలవలసలో దిగి ఇంటికి చేరేసరికి వీధి నిండా జనం. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే గట్టు మీద గిన్నెలో నిమ్మకాయలు కనిపించాయి. మర్నాడు ఆదివారం కదా అని మావ ఆ పొద్దుటే పెరట్లో చెట్టు నుంచి కోసి, కడిగి, తుడిచి పెట్టుకున్నాడు. అక్కడే కూలబడిపోయాను. అంతవరకూ రాని ఏడుపు ఆ కాయలు చూశాక వచ్చింది.

ఆ నిమ్మకాయల సంగతి మీకు చెప్పాలి. మావ చాలా ఏళ్ళు విశాఖపట్నంలో ఒక హోటల్ బారులో మందు కలిపే పని చేశాడు. ఉద్యోగం మానేసి ఊరొచ్చాక పాత అలవాట్లన్నీ వదిలేసి ఒక్కటి మాత్రం ఉంచుకున్నాడు. ఆదివారం భోజనానికి ముందు ఒక్క గ్లాసు విస్కీ సోర్ కలుపుకోవడం. అత్త దాన్ని 'పులుపు మందు' అనేది. తోటల్లోనూ పొలం గట్ల మీదా నీళ్ళ పేకెట్లు పట్టుకుని దాక్కుని తాగే ఊళ్ళో, మా మావ పట్టపగలు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"సిగ్గు లేదేటి మావా?" అని ఏడిపించేదాన్ని.

"దాక్కుని తాగినోడికి ఎక్కడ ఆపాలో తెలీదే కోడలా. నలుగురూ సూస్తంటే ఒక్కదాంతో ఆగిపోతాం" అనేవాడు. అలాగే ఆగేవాడు కూడా.

కలపడం మాత్రం ఒక పెళ్ళి తంతు. నిమ్మకాయను గట్టిగా నలిపి పిండితే ఊరుకునేవాడు కాదు. "తొక్కని ఏడిపించకే, సేదొస్తాది" అనేవాడు. పంచదార పాకం పలచగా కాచి చల్లార్చి ఉంచేవాడు. నాటుకోడి గుడ్డు కొట్టి పచ్చసొన అత్త కూరలోకి ఇచ్చేసి, తెల్లసొన తాను తీసుకునేవాడు. నిమ్మరసం, పాకం, తెల్లసొన, విస్కీ, అన్నీ ఒక చిన్న స్టీలు పాలకేనులో పోసి, మూత బిగించి, ముందు ఐసు లేకుండా ఊపేవాడు. నురగ కట్టడానికట. తర్వాత ఐసు ముక్కలు వేసి, తువ్వాలు చుట్టి మళ్ళీ ఊపేవాడు. ఆ గలగల వీధి చివరిదాకా వినిపించేది. ఒకసారి మూత ఎగిరిపోయి నురగంతా గోడ మీద కేలెండరులోని దేవుడి మొహాన పడింది. అత్త చెంపలేసుకుంటూ తడిగుడ్డతో తుడుస్తుంటే, ఈయన కేనులో ఇంకెంత మిగిలిందా అని తొంగిచూస్తున్నాడు.

"ముందు పులుపు తగలాలి. ఎనకాల తీపి రావాలి. మందు వొచ్చిందో లేదో ఆలోసించుకోవాలి. అదీ కలపడమంటే" అనేవాడు. ఆయన తిట్లు కూడా అలాగే ఉండేవి. మొదట పుల్లగా తగిలి, ఇంటికి వెళ్ళాక తియ్యగా గుర్తొచ్చేవి.

అసలు విషయం నురగ. గ్లాసు మీద తెల్లగా, మెత్తగా పేరుకున్న ఆ నురగ మా అత్తది. జీవితంలో మందు ముట్టని మనిషి, చెంచా పట్టుకుని పక్కన పీట వేసుకుని కూర్చునేది. నురగలో మందు ఉండదని మావ ఎప్పుడో ఒట్టు పెట్టి చెప్పాడట. నమ్మిందో, నమ్మినట్టు ఉందో ఆమెకే తెలియాలి.

"తాగతన్నావేటి అత్తా?" అంటే, "నానేటి తాగతన్నాను? నురగ తింతన్నాను" అని కసిరేది.

ఆమె తినడం పూర్తయ్యేదాకా మావ గ్లాసు ముట్టేవాడు కాదు. అన్నం చల్లారిపోతోందని ఎవరైనా తొందరపెడితే, "దాని వాటా దాన్ని తిననీండి" అనేవాడు. చివరి చెంచా అయ్యాక ఆమె "ఇంద" అని గ్లాసు ఆయన వైపు జరిపేది. అప్పుడు తాగేవాడు. వాళ్ళిద్దరూ ప్రేమ గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. నేను చూసిందల్లా ఇదే.

పదోరోజున పెరట్లో ఆకు వేసి, ఆయనకి ఇష్టమైనవన్నీ వడ్డించారు. మా చిన్నాన్న ఒక సీసా తెచ్చి ప్లాస్టిక్ గ్లాసులో అంచుదాకా విస్కీ పోసి ఆకు పక్కన పెట్టాడు. "పాపం, బాగా తాగీవోడు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే, అన్ని రోజులుగా మాట్లాడని అత్త మాట్లాడింది.

"తీసీండి అది. ఆయన అలగ తాగినోడు కాదు. ఒసే, నువ్వు కలిపి తే."

గిన్నెలో ఆ నిమ్మకాయలు అలాగే ఉన్నాయి. తొక్క బిగిసి, చిన్నబోయి ఉన్నాయి. ఆయన చెప్పినట్టే నెమ్మదిగా పిండాను. గుడ్డు కోసం వెతుకుతుంటే చిన్నాన్న అడ్డుపడ్డాడు. "కార్యం అయ్యేదాకా నీసు ముట్టకూడదే. గుడ్డు వొద్దు." మందుకి లేని అంటు గుడ్డుకి ఉందన్నమాట! ఆ రోజు గొడవ పెట్టుకోలేక, గుడ్డు లేకుండానే కలిపి తెచ్చాను. కాకి వచ్చి గారె ఎత్తుకుపోయింది. గ్లాసు జోలికి రాలేదు.

అత్త వంగి గ్లాసులోకి చూసింది. "నురగేదే?"

"గుడ్డు వెయ్యనివ్వలేదత్తా."

"అయితే ఇది ఆయన వాటా. నా వాటా ఏదే?" అని, కొంగు నోట్లో కుక్కుకుంది.

కార్యాలన్నీ ముగిశాక వచ్చిన ఆదివారం మళ్ళీ వెళ్ళాను. చెట్టు నుంచి కొత్త కాయలు కోశాను. గుడ్డు కొట్టాను. ఆయన తువ్వాలే చుట్టి నేను కేను ఊపుతుంటే, ఆ గలగలకి పక్కింటావిడ చేతిలో చేట అలాగే పట్టుకుని గబగబా వాకిట్లోకి వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

నురగ బాగానే కట్టింది. గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టాను. అత్త ఆయన కుర్చీ పక్కన తన పీట వేసుకుని కూర్చుంది. ఎప్పటిలాగే, తొందర లేకుండా, చెంచా చెంచా తింది. నురగ అయిపోయాక చెంచాని కొంగుతో తుడుచుకుంది.

"ఇంద, నాదైపోనాది" అంటూ గ్లాసుని కుర్చీ వైపు జరిపింది.

జరిపిన చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు. ఆయన అందుకుంటాడని గ్లాసు పట్టుకునే ఉంది.