సారమ్మక్క పాటలో వినబడని మాట

ఒక తల్లి దేవునికి చెప్పుకున్న కృతజ్ఞతను నేను నా చేతులతో అణిచేశాను. ప్రార్థనకు మోకరించిన ప్రతిసారీ, ఎన్నో ఏళ్లుగా, ఆ సంగతి నాతో పాటు మోకరిస్తోంది. పాస్టరు అయ్యగారికి చెప్పలేదు. నా భార్యకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

చిత్తూరులో మా సంఘం చిన్నది. నేను కీబోర్డు వాయించేవాణ్ణి. పాట ఎత్తుకునేది సారమ్మక్క. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి పోయే మనిషి. కూతురు జ్వరంతో చావు దాకా వెళ్లి బతికినప్పుడు తానే ఒక పాట కట్టింది. మొదట వాయిద్యాలేవీ లేకుండా ఒక్కతే మెల్లగా పాడుతుంది. ఆ భాగం చివర, దాదాపు గుసగుసగా, "నా బిడ్డ ఊపిరి నీ దయే దేవా" అంటుంది. ఆ తర్వాతే డోలక్కూ కీబోర్డూ సంఘమూ ఒక్కసారిగా అందుకుంటాయి.

తొంభైలలో మా పాటలను క్యాసెట్ చేయాలని సంఘం అనుకుంది. తిరుపతిలో ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేశాం. ఆ పని కొంత నేర్చినవాణ్ణి కనుక గొంతులనూ వాయిద్యాలనూ కలిపే బాధ్యత నాకిచ్చారు. మెల్లటి భాగం నుంచి పెద్ద శబ్దంలోకి దాటే చోటే ఆ పనిలో అసలు కష్టం. మెల్లటి గొంతును ఉన్నదున్నట్టు వదిలేస్తే క్యాసెట్ తిరిగేటప్పుడు వచ్చే బుస శబ్దంలో కలిసిపోతుంది. దాన్ని వినేవాళ్లకు తెలియకుండా కొద్దికొద్దిగా పైకి తేవాలి. చివరి మాట పూర్తిగా వినబడి, ఊపిరి తీసుకునేంత ఖాళీ ఇచ్చాకే వాయిద్యాలను వదలాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేయలేదు. కీబోర్డు మీద కొత్త ముక్క ఒకటి వాయించి, సరిగ్గా ఆ మాట మీదే మొదలయ్యేట్టు పెట్టి, దాన్ని పెంచుకుంటూ పోయాను. ఆమె గొంతును పెంచే తగ్గించే మీటను కిందికి లాగాను.

ఎందుకు? ఆరాధన అయ్యాక అందరూ ఆమె చేతులు పట్టుకునేవారు. నా కీబోర్డు గురించి ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. ఇంత చిన్న కారణమా? ఇంతే. ఇంకేదైనా పెద్ద కారణం ఉంటే బాగుండునని నాలో నేను ఎన్నోసార్లు వెతికాను. దొరకలేదు. మందిరంలో పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థించిన ఒక స్త్రీని యాజకుడు తాగి ఉందనుకున్న బైబిలు కథ సండే స్కూలు పిల్లలకు నేనే చెబుతాను. ఆ యాజకుడు పొరపడ్డాడు. నేను పొరపడలేదు.

క్యాసెట్ విని సారమ్మక్క మా ఇంటికి వచ్చింది.

"ఏమప్పా, నా బిడ్డ మాట యాడ పోయినాది? నీ పెట్టె మింగేసినాదా?" నవ్వుతూనే అడిగింది.

"మిషన్ ఏం జేస్తాదక్కా? నీ గొంతే ఆడికొచ్చేసరికి పడిపోతా ఉండాది. ఎంత ఎత్తినా లేసిరాలా," అన్నాను.

ఆమె చేత్తో గొంతు తడుముకుంది. "అట్నా? మామిడికాయల ఆవిరి మింగి మింగి గొంతు గూడా గుజ్జయిపోయుంటాది లే. మొగమాటం లేకుండా చెప్పినావు, అదే మేలు." నా భార్య ఇచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఆమె పాట ఎత్తుకోలేదు. వెనక చాప మీదికి వెళ్లి కూర్చుంది. అంతటితో ఆగి ఉంటే మోయగలిగేవాణ్ణేమో. ఆ ఏడు కృతజ్ఞతా కూడికలో లేచి సాక్ష్యం చెప్పింది. "నా గొంతు సూసుకొని నాకు గర్వమొచ్చినాది. దేవుడు ఈ తమ్ముడి నోట నాకు బుద్ధి చెప్పినాడు," అంది. సంఘమంతా స్తోత్రం అంది. నేనూ అన్నాను. నా అబద్ధాన్ని ఆమె దేవుని మాటగా అందుకుంటుంటే దానికి నా నోటితో ముద్ర వేశాను. ఆ అబద్ధాన్ని క్షమించినా ఈ ముద్రను దేవుడు ఎలా క్షమిస్తాడు?

ఇప్పుడు పాటలు కలిపే ఆ పనే కంప్యూటర్ మీద చేస్తున్నాను. శబ్దం ఎక్కడ ఎంత తగ్గిందో తెర మీద గీతగా కనబడుతుంది. ఎవరి గొంతైనా మెల్లబడిన చోట నా చేయి దానంతటదే ఆగుతుంది. ఆ మాట పూర్తయ్యేదాకా ఇంకే శబ్దాన్నీ రానివ్వను. మంచి పనివాడినంటారు. ఎవరిని నలిపి ఈ పని నేర్చుకున్నానో నాకు తెలుసు.

అయినా నాలో కృతజ్ఞతే ఎక్కువ. ఆ క్యాసెట్ వచ్చిన కొన్నాళ్లకు బండి మీద నుంచి పడి మణికట్టు విరిగినప్పుడు పుత్తూరు కట్టు కోసం నన్ను బస్సులో తీసుకెళ్లింది సారమ్మక్కే. కట్టు కడుతున్నంతసేపూ నా భుజం పట్టుకుని, ఈ వేళ్లు మళ్లీ నీ స్తుతికి పనికి రావాల దేవా అని ప్రార్థించింది. అవి ఏం చేసిన వేళ్లో ఆమెకు తెలియదు. అవి పనికొచ్చాయి. ఈ రోజు తినే అన్నం వాటి వల్లే.

ఆమెకు చెబితే "పోనీలే అప్పా" అంటుంది. నాకు తెలుసు. అంత తేలిగ్గా దొరికే క్షమాపణను అడగడానికే నాకు భయం. మిమ్మల్ని కూడా అడగడం లేదు, అది మీరు ఇవ్వగలిగింది కాదు. ఒక్క నిజం మాత్రం ఎక్కడో ఒకచోట చెప్పి ఉండాలి. సారమ్మక్క గొంతు ఎప్పుడూ పడిపోలేదు. నేనే కిందికి లాగాను.

రాశాను. ఇది రాసేదాకా నన్ను బతకనిచ్చిన దేవునికి రుణపడి ఉన్నాను.